రెండో వైపు తిప్పేలోగా...

ఖవ్వాలీ అనగానే మీ కళ్ళముందు ఎవరు మెదులుతారు?

నాకు పదిహేడో ఏడు వచ్చేదాకా ఇద్దరే మెదిలేవారు. ఒకరు 'నిప్పులాంటి మనిషి' (1974)లో స్నేహం గురించి పాడుతూ ఎన్.టి.ఆర్. ముందు చిందేసిన సత్యనారాయణ. వేషం ఆయనది, గొంతు బాలూది. రెండోవారు 'అమర్ అక్బర్ ఆంథోనీ' (1977)లో ముందు వరసలో బురఖా వేసుకుని కూర్చున్న నీతూసింగ్‌ని ఆటపట్టించిన రిషికపూర్. రఫీ గొంతు అలా పైకి లేస్తుంటే మా గౌలిపురా కుర్రాళ్ళు తెర మీదికి చిల్లర విసిరారు. అందులో ఒక పావలా నాది. మర్నాడు ఇంటర్వెల్‌లో మిర్చి బజ్జీకి డబ్బుల్లేక ఏడ్చింది కూడా నేనే!

సినిమా ఖవ్వాలీని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు సుమండీ. రోషన్ సంగీతంలో 'బర్సాత్ కీ రాత్' (1960)లో వచ్చే పెద్ద ఖవ్వాలీ పన్నెండు నిమిషాల దాకా సాగుతుంది. మన్నాడే, రఫీ, ఆశా పోటీలు పడి పాడారు. ఇవాళ విన్నా ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఎన్నిసార్లు విన్నా అది అదే పన్నెండు నిమిషాలు. రఫీ ఎక్కడ ఊపిరి తీస్తాడో మనకి కంఠతా వచ్చేస్తుంది. ఈసారి ఏం చేస్తాడో అన్న ఉత్కంఠ ఉండదు. ఎందుకంటే చెయ్యాల్సిందంతా 1960లోనే చేసేశాడు కదా.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ ఉత్కంఠ గురించి. ఒక క్యాసెట్టు గురించి. దానికి నేను చేసిన అన్యాయం గురించి కూడా.

జెద్దా నుంచి వచ్చిన టూ-ఇన్-వన్

1983. నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా ఇల్లు గౌలిపురాలో, మా దోస్తు ఇల్లు శాలిబండ దిగువన. వాళ్ళ నాన్నగారు షేర్వానీలు కుట్టే దర్జీ. నేను చాచా అని పిలిచేవాణ్ణి. బట్ట మీద సుద్దముక్కతో గీత గీసేటప్పుడు కూడా ఏదో కూనిరాగం తీస్తుండేవారు. మాట మాత్రం తక్కువ. వెళ్ళినప్పుడల్లా "ఆవ్ బేటా" అనేవారు, వచ్చేటప్పుడు "అచ్ఛా బేటా" అనేవారు. ఆ రెంటి మధ్య కత్తెర చప్పుడు తప్ప మరేమీ వినపడేది కాదు.

ఆ రోజుల్లో పాతబస్తీలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండేవారు. సెలవుల్లో వచ్చేవాళ్ళ భుజాన టూ-ఇన్-వన్ లేకపోతే వచ్చినట్టే కాదు. మా దోస్తు అన్న కూడా జెద్దా నుంచి నేషనల్ పానసోనిక్ ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టాడు. పైన అల్లిక గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పువ్వు. పండక్కి తప్ప ముట్టుకోనిచ్చేవారు కాదు. అలాంటిది ఒక ఉర్సు రాత్రి చాచా తనంతట తానే "దాన్ని తీసుకు రండిరా, ఇవాళ పాట పట్టాలి" అన్నారు. మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం.

ఎవరెడీ సెల్లులు ఆరు, కొత్త సి-90 క్యాసెట్టు ఒకటి. సెల్లుల డబ్బులు మా దోస్తువి, క్యాసెట్టు డబ్బులు నావి. దర్గా ముందు పరిచిన జంఖానా మీద, హార్మోనియానికి రెండు మూరల దూరంలో పెట్టాం. పాడటానికి వచ్చింది పెద్ద పేరున్న పార్టీ ఏమీ కాదు. తొమ్మిదిమంది. ఇద్దరు అన్నదమ్ములు ముందు, ఒక కుర్రాడు వెనక, మిగిలినవాళ్ళు చప్పట్లకి, వంతకి. చాచా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఎర్ర బొత్తాం, నల్ల బొత్తాం రెండూ కలిపి నొక్కాను. చక్రం తిరగడం మొదలైంది.

రాసి పెట్టుకోని పాట

పాఠకులలో చాలామంది దర్గా ఖవ్వాలీకి వెళ్ళి ఉండరు కనుక రెండు ముక్కలు చెప్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ముగించాలో పద్ధతి ఉంది. అమీర్ ఖుస్రో పేరు మీద వచ్చే 'ఖౌల్' మొదట్లో, 'రంగ్' చివర్లో. మధ్యలో ఏది పాడాలి, ఎంతసేపు పాడాలి, ఏ పంక్తి దగ్గర ఆగిపోవాలి అన్నది ముందు కూర్చున్నవాళ్ళ ముఖాలు చూసి ఖవ్వాల్ అప్పటికప్పుడు తేల్చుకుంటాడు.

ఒక పంక్తి విని ఎవరైనా కదిలిపోయారనుకోండి... ఖవ్వాల్ ఆ పంక్తిని వదలడు. తిప్పి తిప్పి పాడతాడు. దీన్ని 'తక్రార్' అంటారు. ప్రతిసారీ అవే మాటలు, కాని ఒకసారి మొదటి మాట మీద బరువు, ఒకసారి చివరి మాట మీద. ఒకసారి బతిమాలుతున్నట్టు, ఒకసారి నిలదీస్తున్నట్టు. మరొకటి 'గిరహ్'. అంటే ముడి. పాడుతున్న పాటని నిలబెట్టి, ఎక్కడో ఇంకో కవి రాసిన రెండు పంక్తులు తెచ్చి దానికి ముడివేసి, తిరిగి అసలు పాటలోకి దూకుతాడు. ఏ ముడి వేస్తాడో వెనక తబలా వాయించేవాడికి కూడా తెలియదు. తెలియదు కనుకే ముడి పడ్డ క్షణాన వెనకవాళ్ళే ముందు "వాహ్" అంటారు. టేపులో అది చక్కగా వినపడుతుంది.

పారవశ్యంలో పడ్డ మనిషి తేరుకునేదాకా ఆ పంక్తిని మార్చకూడదని పెద్దల కట్టుబాటు. ఢిల్లీలో 1235లో కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ అనే సూఫీ పెద్ద ఒక్క పంక్తి వింటూ రోజుల తరబడి ఆ పారవశ్యంలోనే ఉండి కన్నుమూశారని చెప్పుకుంటారు. అందుకే పంక్తి వదలడానికి ఖవ్వాల్ అంత ఆలోచిస్తాడు.

మనకి ఇది కొత్తేమీ కాదు లెండి. పద్యనాటకాలు గుర్తుతెచ్చుకోండి! ఈలపాట రఘురామయ్యగారు కృష్ణుడి వేషంలో పద్యం ఎత్తుకుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు. రెండోసారి అదే పద్యం, కాని రాగం ఇంకో దారి పట్టేది. ఆ పద్యమే సినిమాలోకొచ్చేసరికి రీలు లెక్క చూసుకుని నిమిషంలో ముగించాల్సి వచ్చేది. అందులో గాయకుడి తప్పేమీ లేదు. కొలత అలాంటిది.

కొలత అంటే గుర్తొచ్చింది. పాతకాలపు 78 ప్లేటు మీద మూడు మూడున్నర నిమిషాలే పట్టేవి. ఎంత గొప్ప ఉస్తాదైనా గ్రామఫోను సూది చివరికి వచ్చేలోగా ఇల్లు చేరాల్సిందే. ఎల్.పి. వచ్చాక ఇరవై నిమిషాల పైచిలుకు దొరికింది. సి-90 క్యాసెట్టుతో ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలు! అదీగాక స్టూడియో అక్కర్లేదు, కంపెనీ అక్కర్లేదు. సెల్లులుంటే చాలు. దర్జీ కొడుకూ, గౌలిపురా కుర్రాడూ రికార్డింగ్ ఇంజనీర్లయిపోయారు.

ముప్ఫయ్యెనిమిదో నిమిషం

ఆ రాత్రి టేపు మొదటి వైపు ముప్ఫయ్యెనిమిదో నిమిషం దాకా మామూలుగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే పదిహేను నుంచి ఇరవై దాకా కాస్త విసుగే. ఎవరో పెద్దమనిషి వరసగా నోట్లు ఇస్తుంటే పార్టీ ఆయన చుట్టూనే తిరిగింది. నోటు అందినప్పుడల్లా పాట ఒక్క క్షణం కుంటుతుంది. తర్వాత కుదుటపడింది. చిన్న తమ్ముడు ఒక పంక్తి ఎత్తుకున్నాడు. అప్పుడు, హార్మోనియం మెట్లకీ చప్పట్లకీ నడుమ ఉన్న సన్నటి సందులోంచి ఒక గొంతు:

"ఫిర్ సే."

అంతే. 'మళ్ళీ' అని. అది చాచా గొంతు.

ఆ టూ-ఇన్-వన్‌లో ఒక ఏర్పాటు ఉండేది. చప్పుడు ఎక్కువైతే తనంతట తానే తగ్గించుకునేది, నిశ్శబ్దం వస్తే తనే పెంచుకునేది. సంగీతానికి అది మంచిది కాదని తెలిసినవాళ్ళు తిడతారు. పాట పైకి వెళ్ళినప్పుడు ఎవరో గొంతు నొక్కినట్టుంటుంది. పాట ఆగితే చాలు, ఎక్కడెక్కడివో అన్నీ ముందుకొచ్చి కూర్చుంటాయి. చిన్నపిల్ల ఏడుపు, దూరంగా ఆటో హారను, చాయ్ గ్లాసుల గలగల, ఎవరిదో దగ్గు. ఆ లోపం పుణ్యమా అనే చాచా మాట మాకు దక్కింది. మంచి స్టూడియో మైకు పెట్టి ఉంటే హార్మోనియం దక్కేది, ఆయన దక్కేవారు కాదు.

ఆ 'ఫిర్ సే'తో తక్రార్ మొదలైంది. తమ్ముడు ఆ పంక్తిని పట్టుకుని వదల్లేదు. రెండు నిమిషాలు... నాలుగు... ఆరు. వెనక కూర్చున్న కుర్రాడు ఆకాశానికి నిచ్చెన వేసినట్టు పైకి పైకి పోయాడు. అన్న హార్మోనియం వదిలేసి చేతులు చాచాడు. చాచా లేచి నిలబడ్డారు. జేబులోంచి పది రూపాయల నోటు తీశారు. వారం రోజులు కుడితే మిగిలే డబ్బు! సరిగ్గా అప్పుడు...

టక్!

టేపు అయిపోయింది. మా దోస్తు క్యాసెట్టు తీసి, తిప్పి, పెట్టి, మళ్ళీ బొత్తాలు నొక్కేసరికి అర నిమిషం. ఆ అర నిమిషం ఈ భూమ్మీద ఏ టేపులోనూ లేదు. హార్మోనియం పూర్తిగా ఆగిపోయి ఉత్త చప్పట్లే మిగిలాయని నేనంటాను. లేదు, చప్పట్లు కూడా ఆగిపోయాయి, తమ్ముడి గొంతొక్కటే ఉందని వాడంటాడు. ఇవాళ్టికీ తేలలేదు.

తెర మీది ఖవ్వాల్ పెళ్ళికి అసలు ఖవ్వాల్

ఈ పిచ్చి ఆ రాత్రితో పట్టుకుంది. చార్మినార్, పత్తర్‌గట్టీ వైపు క్యాసెట్ల దుకాణాలు చుట్టేవాణ్ణి. కంపెనీ క్యాసెట్లు నాకు అక్కర్లేదు. "మహఫిల్‌వి ఉన్నాయా?" అని అడిగేవాణ్ణి. ఒకడు నవ్వేవాడు, ఒకడు బల్ల కింద నుంచి తీసేవాడు. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. కాపీ తీసినకొద్దీ వాన కురుస్తున్నట్టు రొద పెరుగుతుంది. నాలుగో తరం కాపీ వినడమంటే వానలో తడుస్తూ పాట వినడమే.

మన హైదరాబాదుకి ఖవ్వాలీలో గట్టి ఇంటిపేరే ఉంది. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీగారికి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మనవలు నజీర్, నసీర్ అహ్మద్ ఖాన్ వార్సీలు 'వార్సీ బ్రదర్స్'గా ఆ పాట కొనసాగించారు, 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. తాతగారి గొంతు విన్నవాళ్ళకి ఆ పంక్తిని విరిచే తీరు మనవల్లో ఎక్కడో ఒకచోట తగులుతుంది. అది కూడా శ్రోతకి ఒక సరదా.

ఇక సినిమావాళ్ళకి నచ్చే ముచ్చట ఒకటుంది. తెర మీద అక్బర్‌గా ఖవ్వాలీ పాడిన రిషికపూర్‌కి, ఆ బురఖా నీతూసింగ్‌కి 1980 జనవరిలో నిజంగానే పెళ్ళయింది కదా. ఆ పెళ్ళి సంబరాల్లో పాడటానికి పాకిస్తాన్ నుంచి వచ్చిన గాయకుడెవరో తెలుసా? నుస్రత్ ఫతే అలీఖాన్! అప్పటికి మన దేశంలో ఆయన పేరు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. బొంబాయి తారలంతా ఒకచోట కూర్చుని అసలు సిసలు తక్రార్ అంటే ఏమిటో విన్నారు. ఆ రోజు రఫీగారి పావలా గాళ్ళం మాత్రం గౌలిపురాలో ఉండిపోయాం.

అదే నుస్రత్ 1985లో ఇంగ్లండ్‌లో, మెర్సీ దీవిలో జరిగిన వోమాడ్ ఉత్సవంలో పాడారు. ఎదురుగా ఉన్నవాళ్ళు చాలామంది రాక్ సంగీతం వినే తెల్ల కుర్రాళ్ళు. ఒక్క మాట అర్థం కాదు. అయినా కదల్లేదు. ఆ రాత్రి పట్టిన రికార్డింగ్ 2019లో ఆల్బమ్‌గా బయటికొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి తీసుకెళ్ళాడో వినండి. మాట తెలియని జనానికి ముడి ఎలా వెయ్యాలో ఆయన అక్కడికక్కడే కనిపెడుతున్నట్టుంటుంది.

కాలిఫోర్నియాలోనూ ఉన్నారు మనవాళ్ళు

ఇలా టేపుల వెంట పడేది మేమే అనుకునేవాణ్ణి. 1996లో మా బాబాయి కొడుకు అమెరికా నుంచి వస్తూ ఒక క్యాసెట్టు తెచ్చాడు. "అన్నా, నీలాంటి పిచ్చోళ్ళు అక్కడ లక్షలమంది ఉన్నారే!" అన్నాడు.

గ్రేట్‌ఫుల్ డెడ్ అని కాలిఫోర్నియాలో 1965లో పుట్టిన రాక్ బృందం. రేడియోలో మోగే పాటలు తక్కువ. కాని ముప్ఫయ్యేళ్ళలో రెండువేల మూడువందలకు పైగా కచేరీలు చేశారు. ఏ రెండు కచేరీలూ ఒకలా ఉండవు. ఆ రాత్రి ఏ పాటలు పాడతారో, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఎప్పుడు జారుకుంటారో ముందుగా రాసుకోరు. వాళ్ళ 'డార్క్ స్టార్' అనే పాట 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాల లోపు. మరుసటి ఏడు శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీలో అదే పాట ఇరవైమూడు నిమిషాలు! ఎల్.పి.లో ఒక వైపంతా ఆక్రమించింది. ఆల్‌మన్ బ్రదర్స్ అనే ఇంకో బృందం కూడా అంతే. ఐదు నిమిషాల పాటని 1971లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ వేదిక మీద ఇరవైమూడు నిమిషాలు లాగారు. లాగారు అనడం తప్పేమో. ఆ పాట లోపల అంత చోటుందని అప్పుడు తెలిసింది.

ఇంకా ముచ్చటైన సంగతి వినండి. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ళు అభిమానులు టేపులు పట్టడాన్ని ఆపలేదు. 1984 నుంచి హాల్లో వాళ్ళకంటూ వేరే చోటే కేటాయించారు. ఒక్కటే నియమం. టేపులు మార్చుకోవచ్చు, అమ్ముకోకూడదు. 1977 మే 8న కార్నెల్ యూనివర్శిటీలో వాళ్ళ సొంత ఇంజనీరు బెట్టీ కాంటర్ పట్టిన కచేరీ టేపు చేతులు మారి మారి దేశమంతా తిరిగింది. చివరికి అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం భద్రపరచదగ్గ రికార్డింగుల్లో దాన్ని చేర్చింది.

తమ్ముడు తెచ్చిన క్యాసెట్టు పెట్టాను. గిటారు మోగుతోంది. జెర్రీ గార్సియా అట, అప్పటికే ఏడాది కిందట, 1995లో పోయాడు. ఒక చిన్న స్వరాల గుత్తిని తిప్పి తిప్పి వాయిస్తున్నాడు. వెనకవాళ్ళు ఆ దారి పట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నారు. ఒక్కసారిగా అందరూ ఒకే అడుగు వేశారు. హాలంతా అరిచింది. అరె, ఇది తక్రారే కదా! ముడి పడితే "వాహ్" అనడమే కదా! భాష వేరు, భక్తి వేరు, గుక్కెడు చాయ్ వేరు. ఆ క్షణం మాత్రం శాలిబండదే.

అన్నీ నచ్చాయని అబద్ధం చెప్పను. వాళ్ళ కచేరీల్లో డ్రమ్ముల వాళ్ళిద్దరూ అదేపనిగా బాదే ఘట్టం ఒకటుంటుంది. హాల్లో ఉన్నవాళ్ళకి పరవశమేమో. నేను మాత్రం ఫాస్ట్ ఫార్వర్డ్. మన మహఫిళ్ళలో నోట్ల వాన కురిసే ఘట్టానికీ అదే మందు.

సున్నం వేసిన గోరీ

టేపుల వేట నన్ను ఒకరోజు దాయిరా మీర్ మోమిన్‌కి తీసుకెళ్ళింది. హైదరాబాదు నగరానికి నక్షా వేసిన మీర్ మోమిన్ పేరు మీద ఉన్న పాత శ్మశానం అది. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ అక్కడ నిద్రపోతున్నారు. 'మొఘల్-ఎ-ఆజమ్' (1960)లో తాన్‌సేన్ పాటకి గొంతిచ్చిన మహానుభావుడు. లతా, రఫీలు పాటకి ఐదువందలు కూడా తీసుకోని రోజుల్లో ఆయన పాటకి ఇరవై అయిదువేలు అడిగితే కె. ఆసిఫ్ సరేనన్నాడని చెప్పుకుంటారు. సినిమాలంటే పడక, తప్పించుకోవడానికి అంత అడిగారట! 1902లో కసూర్‌లో పుట్టిన మనిషి, దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉండలేక 1957లో భారత పౌరుడైన మనిషి, చివరికి 1968 ఏప్రిల్‌లో మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు.

ఆయన 78 ప్లేట్లు వినండి, ముత్యాలు. తర్వాత ఎవరో అభిమాని పట్టిన మహఫిల్ టేపు వినండి. అప్పుడు గాని మనిషి తెలియడు. ప్లేటులో ఆయన పాడతారు. మహఫిల్‌లో ఒక స్వరం దగ్గరికి వెళ్ళి, దాన్ని పలకరించి, వెనక్కొచ్చి, ఎదురుగా ఉన్నవాళ్ళతో ఏదో అని నవ్వి, మళ్ళీ వెళతారు. ఆ నవ్వు ఏ కంపెనీ అమ్మలేదు.

ఇక నా తప్పు

1984లో మా దోస్తు కూడా జెద్దా వెళ్ళిపోయాడు. వెళ్తూ క్యాసెట్టు నా చేతిలో పెట్టి, "దీన్ని సంభాల్కే రఖ్ యార్" అన్నాడు. సరిగ్గా నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం వివిధభారతిలో 'సాగర సంగమం' (1983) పాటలు మొదలయ్యాయి. ఇళయరాజా! ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. చేతికి దొరికింది మిషన్‌లో పెట్టి ఎర్ర బొత్తాం నొక్కాను. ఆరు నిమిషాలు గడిచాక చక్రాల మీద రాసిన ఉర్దూ అక్షరాలు కనపడ్డాయి. గబుక్కున ఆపాను. అప్పటికే రెండో వైపు మొదటి ఆరు నిమిషాలు పోయాయి. చాచా లేచి నిలబడ్డ తర్వాతి ఆరు నిమిషాలు.

వాడికి చెప్పలేదు. ఉత్తరంలో రాద్దామనుకున్నాను, రాయలేదు. 1986లో చాచా పోయారు. వాడికి సెలవు దొరకలేదు, రాలేకపోయాడు. మట్టి వేసింది నేనూ, వాడి చిన్నాన్న కొడుకులూ. ఆ తర్వాత ఇంకేం చెప్తాను? వాడు వచ్చినప్పుడల్లా మదీనా హోటల్లో చాయ్ తాగాం, బిర్యానీలు తిన్నాం, సినిమాలు చూశాం. వాడు అడగలేదు. అడగనందుకు నేను లోలోపల మొక్కుకున్నాను.

కిందటేడు వాడు శాశ్వతంగా తిరిగొచ్చేశాడు. తల నెరిసింది, మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు ఉన్నట్టుండి, "అరె, ఆ క్యాసెట్టు ఉందా? అమ్మీ అడుగుతోంది. అబ్బా ఫోటోలు రెండున్నాయి గాని, గొంతు ఎక్కడా లేదు" అన్నాడు.

గొంతు ఎక్కడా లేదు! అప్పటిదాకా నాకు తట్టనే లేదు సుమండీ. నలభయ్యేళ్ళుగా నేను దాన్ని సంగీతం అనుకుంటున్నాను.

చెప్పేశాను. మొత్తం చెప్పేశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏ పాటలు?" అన్నాడు. 'సాగర సంగమం' అన్నాను. "హౌలే! కనీసం మంచివే పట్టావ్" అన్నాడు. నవ్వాడో లేదో, మొహం అటు తిప్పుకున్నాడు.

పాత టేపులు కంప్యూటర్లోకి ఎక్కించే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాం. వాడికి పాతికేళ్ళుండవు. క్యాసెట్టు ఇంతకుముందు చేత్తో పట్టుకున్నాడో లేదో తెలియదు గాని పని తెలిసినవాడు. ఒత్తుడు మెత్త ఊడిపోయిందని కొత్తది అంటించాడు. చక్రాలు బిగుసుకుపోతే పెంకు విప్పి టేపును వేరే పెంకులోకి మార్చాడు. ఇన్నేళ్ళు చుట్ట చుట్టుకుని ఉండటంతో ఒక పొర మీది ధ్వని పక్క పొరకి అంటుకుంటుందట. అందుకే గట్టి చప్పుడు రాబోయే ముందు దాని నీడ సన్నగా వినపడుతుందని చూపించాడు. నిజమే. 'ఫిర్ సే' అనే ముందు, ఒక్క లిప్త ముందు, ఎక్కడో చాలా దూరం నుంచి ఇంకో 'ఫిర్ సే' వినపడింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ పట్టుకోలేదు. నా ఊహేమో అనుకుని మా దోస్తు వైపు చూశాను. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

రెండో వైపు మొదలైంది. రేడియో అనౌన్సరు గొంతు, పాట, సగం పాట. టక్. ఆ తర్వాత ఒక్కసారిగా దర్గా! తమ్ముడు ఇంకా ఆ పంక్తి మీదే ఉన్నాడు. ఆరు నిమిషాల అవతల కూడా వదల్లేదు. చప్పట్ల నడుమ ఎవరో వెక్కుతున్నారు. చాచానా? మేం చెప్పలేం. మా దోస్తు ఔనంటాడు. నేను కాదనలేదు.

"ఈ సినిమా పాటలు కోసేసి ముక్కలు కలపమంటారా అంకుల్?" అన్నాడు కుర్రాడు.

నేను అన్నది 'కోసెయ్', వాడు అన్నది 'నక్కో, ఉండనీ'. వాడి మాటే నెగ్గింది. టేపు వాడిది, నాన్న వాడి నాన్న.

ఆ సాయంత్రమే చాచీకి వినిపించాం. ఆవిడకి ఎనభై దాటాయి, చెవులు సరిగ్గా వినపడవు. ఫోను చెవికి ఆనించుకుని మొదటి వైపు ముప్ఫయ్యెనిమిది నిమిషాలూ ఓపిగ్గా విన్నారు. మేం ముందుకి జరుపుతామంటే ఒప్పుకోలేదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. ఆవిడ కళ్ళు మూసుకునే, "పన్నెండో నిమిషంలో దగ్గింది ఎవర్రా? మీ ఇద్దర్లో ఒకరు. గొంతు నేను గుర్తుపట్టాను" అన్నారు.

నాది కాదు. వాడిదే. వాడేమో నాదే అంటాడు.